నాలుగు నెలలు నడిస్తే ట్రైగ్లిజరైడ్లు తగ్గాయి, ఎల్‌డీఎల్ పెరిగింది. ఎందుకు?

ప్రశ్న
లెక్కల మాస్టారు, హనుమకొండ

అందరికీ నమస్కారం. నా వయసు 51, మా శ్రీమతి వయసు 48. ఇద్దరికీ షుగరు ఇంకా రాలేదు గాని సరిహద్దులో ఉందని ఈ ఏడాది మొదట్లో తేలింది. అప్పుడు నాకు పరగడుపు షుగరు 112, హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగరును చూపే పరీక్ష) 6.1 ఉండగా, ఆమెకు పరగడుపున 106, హెచ్‌బీఏ1సీ 6.0 వచ్చాయి. డాక్టరుగారు మందులేవీ రాయకుండా, ముందు నాలుగు నెలలు క్రమం తప్పకుండా నడవండి, తరవాత మళ్ళీ రక్తపరీక్ష చేయించుకుని రండి అన్నారు. ఆ మాట ప్రకారం వారానికి అయిదు రోజులు, పొద్దున అయిదున్నరకల్లా భద్రకాళి చెరువు కట్ట మీదికి చేరి, రోజుకు 45 నిమిషాల చొప్పున ఇద్దరం నడిచాం. పెళ్ళిళ్ళు, పరీక్షల డ్యూటీలు వచ్చిన రోజుల్లో తప్పింది గాని మొత్తం మీద పెద్దగా ఎగ్గొట్టలేదు.

నిన్న ఫలితాలు వచ్చాయి. నాకు మొత్తం కొలెస్ట్రాల్ 204 నుంచి 201కి, ట్రైగ్లిజరైడ్లు అనే రక్తంలోని కొవ్వు 210 నుంచి 155కి దిగాయి, మంచి కొలెస్ట్రాల్ అనే హెచ్‌డీఎల్ 36 నుంచి 38కి పెరిగింది. కాని ఎల్‌డీఎల్ 126 ఉన్నది 132 అయింది. మా శ్రీమతికి మొత్తం కొలెస్ట్రాల్ 214 నుంచి 210కి, ట్రైగ్లిజరైడ్లు 170 నుంచి 145కి తగ్గాయి, హెచ్‌డీఎల్ 45 దగ్గరే కదలకుండా ఉంది, ఎల్‌డీఎల్ 135 నుంచి 136 అయింది. హెచ్‌బీఏ1సీ ఇద్దరికీ 5.9 వచ్చింది. నేను రెండున్నర కిలోలు తగ్గాను, ఆమె ఒక కిలో కూడా తగ్గలేదు.

నాకున్న సందేహాలు ఇవి. నడిస్తే కొలెస్ట్రాల్ తగ్గుతుందని అందరూ చెబుతుండగా, చెడ్డ కొలెస్ట్రాల్ అని పేరుపడ్డ ఎల్‌డీఎల్ ఇలా పెరగడమేమిటి? ఒకే కట్ట మీద ఒకే సమయం నడిచిన మా ఇద్దరికీ ఫలితాలు ఇంత వేరుగా రావడానికి ఆడ, మగ తేడా కారణమా? ఈ మాత్రం నడక చాలదనీ, పరుగు మొదలుపెట్టాలనీ పక్కింటివారు అంటున్నారు; అది నిజమేనా? నా శ్రీమతి రిపోర్టు చూసుకుని, తెల్లవారుజామున లేచి నాలుగు నెలలు నడిచింది ఇందుకేనా అని నొచ్చుకుంది. ఆమెకు సరైన సమాధానం చెప్పాలనే ఇది రాస్తున్నాను.


పాత ల్యాబ్ మనిషి, గుంటూరు

మాస్టారూ, మీరు లెక్కలు చెప్పేవారు కాబట్టి ముందు లెక్కతోనే మొదలుపెడతాను. నేను ముప్ఫయ్యేళ్ళకు పైగా బయోకెమిస్ట్రీ బల్ల దగ్గర పనిచేసి దిగినవాణ్ణి. మీ రిపోర్టులో ఉన్న ఎల్‌డీఎల్‌ను చాలావరకు ఎవరూ కొలవరు. మొత్తం కొలెస్ట్రాల్, హెచ్‌డీఎల్, ట్రైగ్లిజరైడ్లు ఈ మూడింటినీ యంత్రం కొలుస్తుంది. ఎల్‌డీఎల్‌ను తీసివేతతో రాబడతారు. 1972లో ఫ్రీడ్‌వాల్డ్, ఆయన సహచరులు ఇచ్చిన సూత్రం అది. మొత్తం కొలెస్ట్రాల్‌లోంచి హెచ్‌డీఎల్ తీసేసి, ఆ పైన ట్రైగ్లిజరైడ్లలో అయిదో వంతు తీసేస్తే మిగిలేదే ఎల్‌డీఎల్. ఆ అయిదో వంతును వీఎల్‌డీఎల్ అనే కణాల్లో ఉన్న కొలెస్ట్రాల్‌కు అంచనాగా తీసుకుంటారు.

ఇప్పుడు మీ అంకెలు పెట్టి చూడండి. మొదటి పరీక్షలో 204లోంచి 36 తీసేస్తే 168. ట్రైగ్లిజరైడ్లు 210 కాబట్టి దానిలో అయిదో వంతు 42. 168లోంచి 42 పోతే 126. మీ కాగితం మీద ఉన్నదీ అదే. రెండో పరీక్షలో 201లోంచి 38 పోగా 163. 155లో అయిదో వంతు 31. 163లోంచి 31 పోతే 132. అంటే మీ నడక ట్రైగ్లిజరైడ్లను బాగా దించింది గనుక తీసివేయాల్సిన ముక్క 42 నుంచి 31కి చిన్నదయింది, మిగిలినది పెద్దదయింది. మీ శ్రీమతిగారి లెక్క కూడా ఇదే దారిలో వెళుతుంది. 169లోంచి 34 పోతే 135, 165లోంచి 29 పోతే 136. ఇంతకాలం పిల్లల చేత తీసివేతలు చేయించిన మీరు, మీ సొంత కాగితం మీద ఆ పని చేసి చూడకపోవడం మాత్రం నాకు కొంచెం నవ్వు తెప్పించింది, ఏమీ అనుకోకండి.

అలాగని ఆ పెరుగుదల పూర్తిగా కాగితం మీదిదేనని నేను అనను. వీఎల్‌డీఎల్ కణాల్లోని కొవ్వు కరిగిపోయాక మిగిలే శేషంలో కొంత ఎల్‌డీఎల్‌గా మారడం శరీరంలో జరిగే మామూలు సంగతే. అయినా రెండు పరీక్షల్నీ పోల్చదలచుకుంటే ఎల్‌డీఎల్ అంకెను పక్కనబెట్టి, మొత్తం కొలెస్ట్రాల్‌లోంచి హెచ్‌డీఎల్ ఒక్కటే తీసేసి చూడడం మేలు. దీన్ని నాన్ హెచ్‌డీఎల్ అంటారు. రక్తనాళపు గోడలోకి చొరబడగల కణాలన్నిటిలో ఉన్న కొలెస్ట్రాల్ ఇందులోకి వస్తుంది, ట్రైగ్లిజరైడ్ల అంచనాతో దీనికి పని లేదు. అది మీకు 168 నుంచి 163కి, ఆమెకు 169 నుంచి 165కి దిగింది. తగ్గింది కొంచెమే, కాని ఇద్దరికీ తగ్గింది, అదీ ఇంచుమించు సమానంగా తగ్గింది.

ఇంకొక మాట. ఒకే మనిషి రక్తం వారం తేడాతో తీసినా ఈ అంకెలు అక్కడే నిలవవు. ముఖ్యంగా ట్రైగ్లిజరైడ్లు ముందురోజు రాత్రి తిన్న భోజనాన్ని బట్టి బాగా ఊగుతాయి. ట్రైగ్లిజరైడ్లు మరీ ఎక్కువగా ఉన్నవారి రక్తాన్ని సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి తీసినప్పుడు, పైన తేటగా గడ్డిరంగులో ఉండాల్సిన సీరం పలచని మజ్జిగలా తెల్లగా తేలడం నేను కొన్ని వందల సార్లు చూశాను. అటువంటి మనుషులే కొన్నాళ్ళు తిండి సరిచేసుకుని వస్తే అదే గొట్టంలో అద్దంలా తేటపడేది. ట్రైగ్లిజరైడ్లు 400 దాటితే పైన చెప్పిన సూత్రం పనికిరాదు. మీవి అంత లేవు గనుక ఆ బెంగ లేదు.


ఫిజియాలజీ అధ్యాపకురాలు, విశాఖపట్నం

ల్యాబ్ పెద్దాయన లెక్క చక్కగా విడమర్చారు. నేను దాని వెనక శరీరంలో జరిగేది చెబుతాను. ఎందుకంటే షుగరు సరిహద్దులో ఉన్నవారి కొలెస్ట్రాల్ రిపోర్టును మామూలు మనిషి రిపోర్టులా చదవకూడదు.

మీ దశలో ఉన్నవారిలో ఇన్సులిన్ ఉంటుంది, కాని దాని మాట కాలేయం, కండరాలు సరిగా వినవు. పొట్టలో పేరుకున్న కొవ్వు నుంచి కాలేయానికి కొవ్వు ఆమ్లాలు ఎడతెగకుండా చేరుతుంటే, కాలేయం వాటిని ట్రైగ్లిజరైడ్లుగా కట్టి, వీఎల్‌డీఎల్ అనే పెద్ద మూటల్లో రక్తంలోకి పంపుతుంది. ఈ మూటలు ఎక్కువయ్యేకొద్దీ రక్తంలో ఒక మార్పిడి జరుగుతుంది. ఒక ప్రోటీను మధ్యవర్తిగా నిలిచి, వీటిలోని ట్రైగ్లిజరైడ్లను హెచ్‌డీఎల్‌కు, ఎల్‌డీఎల్‌కు ఇచ్చి, వాటి కొలెస్ట్రాల్‌ను ఇటు తెస్తుంది. ట్రైగ్లిజరైడ్లతో బరువెక్కిన హెచ్‌డీఎల్ త్వరగా శిథిలమై రక్తంలోంచి వెళ్ళిపోతుంది, అందువల్ల దాని అంకె తగ్గుతుంది. ఎల్‌డీఎల్ కణాలు మాత్రం కొవ్వు పోగొట్టుకుని చిన్నవిగా, దట్టంగా తయారవుతాయి. చిన్న కణానికి కొలెస్ట్రాల్ తక్కువే పడుతుంది కాబట్టి, అంకె మామూలుగా కనిపిస్తున్నా కణాల సంఖ్య ఎక్కువగా ఉండవచ్చు. మీ మొదటి రిపోర్టులో ట్రైగ్లిజరైడ్లు 210, హెచ్‌డీఎల్ 36 అన్న జంట చూస్తేనే ఈ కథంతా తెలుస్తుంది. మన దేశంలో ఇది అరుదైన సంగతి కాదు. భారత వైద్య పరిశోధన మండలి దేశవ్యాప్తంగా చేయించిన ఇండియాబ్ అధ్యయనం తొలి దశ ఫలితాల్లో, కొవ్వుకు సంబంధించిన లోపాలన్నిటిలోకీ ఎక్కువమందిలో కనిపించింది తక్కువ హెచ్‌డీఎల్. పరీక్షించినవారిలో 72 శాతం మందికి అది ఉంది.

ఇక నడక పనిచేసేది ఎక్కడంటే, కండరాల్లోని సన్నని రక్తనాళాల గోడల మీద లైపోప్రోటీన్ లైపేజ్ అనే ఎంజైము ఉంటుంది. కండరం పనిచేసినప్పుడు దాని చురుకుదనం పెరిగి, దారిన పోతున్న వీఎల్‌డీఎల్ మూటల్ని విప్పి, అందులోని కొవ్వును కండరానికి ఇంధనంగా అందిస్తుంది. అందుకే నడక దెబ్బ మొదట తగిలేది ట్రైగ్లిజరైడ్లకు. వాటి వెనకే, మెల్లగా, హెచ్‌డీఎల్ కదులుతుంది. ఒకరోజు నడిస్తే ఈ ప్రభావం సుమారు ఒకటి రెండు రోజులు నిలుస్తుంది కాబట్టి, ఆదివారం ఒక్కరోజే రెండు గంటలు నడవడం కంటే వారంలో అయిదారు రోజులకు దాన్ని పరచుకోవడం మంచిది. ఎల్‌డీఎల్‌ను రక్తంలోంచి తీసేసేది ప్రధానంగా కాలేయం మీది గ్రాహకాలు, అంటే దాన్ని పట్టుకుని లోపలికి లాగే ప్రోటీన్లు. నడక వాటిని పెద్దగా కదిలించదు. అందువల్ల ఎల్‌డీఎల్ అంకెను నడకకు పరీక్షగా పెట్టడం, పద్యం బాగా చదివే పిల్లవాణ్ణి లెక్కల మార్కులతో తూచడం వంటిది.

ఇది నా ఊహ కాదు. అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయం వారు స్ట్రైడ్ అనే పేరుతో చేసి 2002లో ప్రచురించిన అధ్యయనంలో, ఒళ్ళు కదలని జీవితం గడుపుతూ, బరువు, కొలెస్ట్రాల్ ఎక్కువగా ఉన్న 111 మంది స్త్రీపురుషుల్ని గుంపులుగా విభజించి, వ్యాయామం చేసే గుంపులకు నెలల తరబడి శిక్షణ ఇచ్చారు. బరువు తగ్గకుండా కావాలనే చూసుకున్నారు, ఫలితం వ్యాయామానిదేనని తేల్చడానికి. మొత్తం ఎల్‌డీఎల్ అంకె అంతగా మారలేదు. చిన్న ఎల్‌డీఎల్ కణాలు తగ్గి, కణాల సగటు పరిమాణం పెరిగింది. ఇంకొక సంగతి ఏమిటంటే, ఎంత వేగంగా చేశారన్నదాని కంటే మొత్తం ఎంత చేశారన్నదే ఈ మార్పుల్ని నిర్ణయించింది. ఆ తరవాత అదే బృందం వ్యాయామం ఆపించి పదిహేను రోజులు ఆగి చూస్తే, ఓ మోస్తరు వేగంతో నడిచినవారిలో ట్రైగ్లిజరైడ్ల తగ్గుదల అప్పటికీ నిలిచి ఉంది.

అమెరికాలోనే 3,234 మందితో జరిగి 2002లో వెలువడిన మధుమేహ నివారణ అధ్యయనాన్ని కూడా చెప్పుకోవాలి. వారందరూ మీ దశలో ఉన్నవారే, వారిలో మూడింట రెండు వంతులు స్త్రీలు. వారానికి 150 నిమిషాల నడక, 7 శాతం బరువు తగ్గడం లక్ష్యాలుగా పెట్టుకున్న గుంపులో షుగరు జబ్బుగా మారడం 58 శాతం తగ్గింది. వారి రక్తంలోని కొవ్వుల్ని పరిశీలిస్తే ట్రైగ్లిజరైడ్లు ఎక్కువగా తగ్గాయి, హెచ్‌డీఎల్ పెరిగింది, చిన్న దట్టమైన ఎల్‌డీఎల్ ఉన్నవారి సంఖ్య తగ్గింది; ఎల్‌డీఎల్ అంకె మాత్రం గుంపులన్నిటిలోనూ ఇంచుమించు ఒకేలా ఉంది. మీ ఇంట్లో జరిగింది అదే.


ఒంగోలు ఆడపడుచు, ఎడిసన్ (అమెరికా)

అన్నయ్యగారూ, ఇది మీకు కాదు, వదినగారికి చదివి వినిపించండి. నాకు 55 ఏళ్ళు. నాకూ షుగరు సరిహద్దులో ఉందని తెలిసి ఆరేళ్ళయింది. మొదటి ఏడాది మావారితో కలిసి నడిచి, ఆయన రిపోర్టు నాకంటే బాగుంటే నేనూ ఇలాగే నొచ్చుకున్నాను. తరవాత తెలిసివచ్చిన సంగతులు రెండు మూడు ఉన్నాయి.

మొదటిది, వదినగారి వయసు. 48 అంటే నెలసరి ఆగే రోజులు దగ్గరపడ్డాయనుకోవచ్చు. చివరి నెలసరికి అటూ ఇటూ ఏడాది కాలంలో స్త్రీలలో మొత్తం కొలెస్ట్రాల్, ఎల్‌డీఎల్ చెప్పుకోదగినంత పెరుగుతాయని అమెరికాలో అనేక ఏళ్ళపాటు స్త్రీల ఆరోగ్యాన్ని వెంబడించి చూసిన స్వాన్ అధ్యయనం తేల్చింది. నా విషయంలో సరిగ్గా ఆ ఏడాదే ఎల్‌డీఎల్ ఇరవైకి పైగా ఎగబాకింది. నేను చేసిన తప్పేదీ నాకు కనబడక ఏడ్చాను కూడా. వదినగారి అంకె ఆ సమయంలో అక్కడే ఉందంటే, నేనైతే దాన్ని తక్కువ చేసి చూడను.

రెండోది, మొదలుపెట్టిన చోటు. అన్నయ్యగారి ట్రైగ్లిజరైడ్లు 210 దగ్గర మొదలయ్యాయి, వదినగారివి 170 దగ్గర. ఎక్కువ ఉన్నచోటే ఎక్కువ తగ్గుతుంది. హెచ్‌డీఎల్ సంగతికి వస్తే, మగవారికి 40, ఆడవారికి 50 దాటాలని గీత వేరువేరుగా గీశారు కాబట్టి 45 ఉన్న వదినగారు, 38 ఉన్న అన్నయ్యగారు, ఇద్దరూ తమ తమ గీతల కిందే ఉన్నారు. ఆమెది పెద్ద అంకె అని మీరు మురవనక్కర్లేదు, కదల్లేదని ఆమె దిగులుపడనక్కర్లేదు.

మూడోది అడగడానికి కొంచెం మొహమాటంగా ఉంది. ఇద్దరూ నిజంగా ఒకే నడక నడిచారా? మా ఇంట్లో మావారు ముందు విసవిసా పోయేవారు, నేను పక్కింటావిడతో కోడళ్ళ కబుర్లు చెప్పుకుంటూ వెనక నడిచేదాన్ని. గడియారం ఇద్దరికీ 45 నిమిషాలే చూపించేది గాని, ఆయన నాలుగు కిలోమీటర్లు నడిస్తే నేను రెండున్నరే నడిచేదాన్ని. ఇక్కడి నర్సు ఒకామె చెప్పిన గుర్తు నాకు బాగా పనికొచ్చింది: నడుస్తుంటే మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. నేనేమో అన్నమయ్య కీర్తన మొత్తం, చరణాలతో సహా, ఆయాసం లేకుండా పాడుకుంటూ నడవగలిగేదాన్ని! ఇంటిపని చేస్తున్నాం కదా, అదే వ్యాయామం అనుకునేవాళ్ళకు కూడా ఈ గుర్తు సరిపోతుంది. పొయ్యి దగ్గర రెండు గంటలు నిలబడితే కాళ్ళు లాగుతాయి, కాని ఊపిరి వేగం పెరగదు.

నాలుగో మాటగా, ఒకసారి థైరాయిడ్ పరీక్ష చేయించండి. థైరాయిడ్ మందగిస్తే ఎల్‌డీఎల్ పెరుగుతుంది, బరువు తగ్గదు. ఆ వయసు ఆడవారిలో ఇది మామూలు. ఎంత నడిచినా అది సరికాదు, మాత్ర వేసుకోవాల్సిందే.


పరుగు ప్రియుడు, హైదరాబాద్

సార్, పైవారంతా పెద్దవారు, వారి మాట కాదనను గాని, నా అనుభవం వేరు. నాకు 44 ఏళ్ళు. రెండేళ్ళు నడిచినా హెచ్‌డీఎల్ 37 దాటలేదు. వారానికి నాలుగు రోజులు గచ్చిబౌలి వైపు పరుగు మొదలుపెట్టాక ఏడాదిలో 44కు వచ్చింది. నడక పెద్దవాళ్ళకు, పరుగు ఫలితం కావాలనుకునేవాళ్ళకు అని నా అభిప్రాయం. సమయం లేనివాళ్ళకు కూడా అదే దారి.


ఫిజియాలజీ అధ్యాపకురాలు, విశాఖపట్నం

తమ్ముడూ, నీ 44 అంకె నిజమే, దానికి అభినందనలు. కాని నడిచిన రోజుల్లో నువ్వు వారానికి ఎన్ని కిలోమీటర్లు తిరిగావో, పరుగులో ఎన్ని తిరిగావో లెక్క చూసుకో. పరుగు మొదలుపెట్టినవారిలో చాలామంది వేగంతో పాటు దూరాన్నీ పెంచుతారు, బరువు కూడా తగ్గుతారు, పేరు మాత్రం వేగానికి ఇస్తారు. 2007లో జపాన్ పరిశోధకులు అప్పటిదాకా జరిగిన అధ్యయనాలన్నిటినీ కలిపి లెక్కగట్టినప్పుడు, ఊపిరి వేగం పెంచే వ్యాయామంతో హెచ్‌డీఎల్ సగటున పెరిగేది రెండున్నర మిల్లీగ్రాములే అని తేలింది. వారానికి కనీసం 120 నిమిషాలైనా చేస్తేనే కదలిక కనబడింది. వేగం కంటే ఒక్కొక్క విడతలో ఎంతసేపు చేశారన్నదానికే ఎక్కువ సంబంధం ఉంది. మాస్టారికి వచ్చిన రెండు పాయింట్ల పెరుగుదల ఈ సగటుకు దగ్గరగానే ఉంది.

షుగరు సంగతికి వస్తే, సరిహద్దులో ఉన్నవారి మీదే డ్యూక్ వారు చేసిన తరవాతి అధ్యయనం 2016లో వచ్చింది. 45 నుంచి 75 ఏళ్ళ వారిని ఆరు నెలలు పరిశీలించారు. వారానికి సుమారు 18 కిలోమీటర్లు చురుగ్గా నడిచినవారిలో, గ్లూకోజు తాగించి చేసే పరీక్ష దాదాపు 7 శాతం మెరుగుపడగా, అంతే దూరం పరుగెత్తినవారిలో 2 శాతమే మెరుగుపడింది. తక్కువ కొవ్వుతో మితంగా తింటూ వారానికి 12 కిలోమీటర్లు నడిచినవారిలో అది 9 శాతం దాకా వెళ్ళింది. ఓ మోస్తరు వేగంలో శరీరం కొవ్వునే ఎక్కువగా ఇంధనంగా వాడుకుంటుంది గనుక ఇలా జరిగి ఉంటుందని ఆ పరిశోధకుల భావన. గంటకు అయిదు కిలోమీటర్ల వేగంతో 45 నిమిషాలు, అలా వారానికి అయిదు రోజులంటే మాస్టారిదీ 18 పైనే అవుతుంది. పరుగు చెడ్డదని నేను అనడం లేదు. గుండె, ఊపిరి సామర్థ్యం దానితో ఎక్కువగా పెరుగుతుంది. ఈ రిపోర్టు చూసి భయపడి, 51 ఏళ్ళ వయసులో మోకాళ్ళను అడగకుండా పరుగుకు దిగనక్కర్లేదంటున్నాను. దిగితే మాత్రం, నడుస్తున్నప్పుడు ఛాతీ పట్టేయడం, అసాధారణమైన ఆయాసం వంటివి ఎప్పుడైనా ఉన్నాయేమో డాక్టరుకు ముందే చెప్పాలి.

బరువు తగ్గలేదన్న వదినగారి బాధకు కూడా ఒక మాట. చెన్నైలో డాక్టర్ రామచంద్రన్ బృందం 531 మందితో చేసి 2006లో ప్రచురించిన భారతీయ మధుమేహ నివారణ అధ్యయనంలో, నడకతో పాటు తిండి మార్చుకున్నవారి బరువు పెద్దగా తగ్గకపోయినా, షుగరు జబ్బుగా మారడం 28.5 శాతం తగ్గింది. తూకం యంత్రానికి కనిపించని పని ఒంట్లో జరుగుతుందనడానికి మన పక్కింటి సాక్ష్యమే ఇది.

అయితే 132, 136 అన్న ఎల్‌డీఎల్ అంకెలు ఫరవాలేదని నేను చెప్పినట్టు ఎవరూ అనుకోవద్దు. భారత హృద్రోగ వైద్యుల సంఘం 2024లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ముప్పు తక్కువగా ఉన్నవారికి కూడా ఎల్‌డీఎల్ 100 లోపు, నాన్ హెచ్‌డీఎల్ 130 లోపు ఉండాలి. ఆ దూరాన్ని నడక పూడ్చలేదు. నెయ్యి, పామాయిల్, కొబ్బరి, మాంసపు కొవ్వు తగ్గించడం కొంత పని చేస్తుంది. రక్తపోటు, పొగతాగడం, ఇంట్లో చిన్న వయసులో గుండెపోటు వచ్చినవారు ఉండడం వంటివి కలిస్తే డాక్టరు కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర రాయవచ్చు. మాత్ర రాశారంటే మీ నడక ఓడిపోయిందని కాదు. మాత్ర ఎల్‌డీఎల్ పని చూసుకుంటుంది, నడక ట్రైగ్లిజరైడ్ల పనీ, షుగరు పనీ చూసుకుంటుంది.


లెక్కల మాస్టారు, హనుమకొండ

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. ల్యాబ్ పెద్దాయన వేసిన మొట్టికాయ తగలాల్సిన చోటే తగిలింది. రాత్రి భోజనాలయ్యాక కాగితం, కలం తీసుకుని మా ఇద్దరి రిపోర్టులూ ముందు పెట్టుకుని తీసివేతలు చేశాం. ఆయన చెప్పిన అంకెలే వచ్చాయి.

ఎడిసన్ చెల్లెమ్మ అడిగినదానికి సమాధానం ఈ పొద్దున దొరికింది. మా శ్రీమతి చేతికి నా ఫోను ఇచ్చి, నేను మా అబ్బాయి ఫోను పట్టుకుని విడివిడిగా నడిచాం. 45 నిమిషాల్లో నాది 3.9 కిలోమీటర్లు, ఆమెది 2.7. ఇన్నాళ్ళూ నేను కట్ట చివరిదాకా వెళ్ళి తిరిగి వస్తూ ఆమెను దారిలో కలుసుకునేవాణ్ణి గాని, ఆ లెక్క ఎప్పుడూ తట్టలేదు. ఇంకొకటి ఆమే ఒప్పుకుంది. నడక ముగిశాక స్నేహితురాళ్ళతో కలిసి కట్ట దిగువన బండి దగ్గర రెండు ఇడ్లీ, ఒక వడ, కొబ్బరి చట్నీ తిని ఇంటికొచ్చి, మళ్ళీ మాతో పాటు టిఫిన్ చేసేదట. నేనూ తక్కువ తినలేదు, రాత్రి పెరుగన్నం రెండోసారి వడ్డించుకోవడం మానలేదు. వచ్చే వారం ఆమెకు థైరాయిడ్ పరీక్ష చేయిస్తాం. ఆమె చెప్పులు నడకకు పనికిరావని కూడా తేలింది కాబట్టి బూట్లు కొనాలి.

ఇక మిగిలినది ఒకే సందేహం. మూడేళ్ళ కిందట వేరే ల్యాబ్‌లో చేయించిన నా రిపోర్టు ఒకటి బీరువాలో దొరికింది. అందులో మొత్తం కొలెస్ట్రాల్ 198, హెచ్‌డీఎల్ 37, ట్రైగ్లిజరైడ్లు 190 ఉన్నాయి. సూత్రం ప్రకారం ఎల్‌డీఎల్ 123 రావాలి. కాగితం మీద 115 అని ఉంది. వారు తప్పు చేశారా?


పాత ల్యాబ్ మనిషి, గుంటూరు

తప్పు కాకపోవచ్చు మాస్టారూ. ఆ వరుస పక్కన చిన్న అక్షరాల్లో డైరెక్ట్ అనో, పద్ధతి పేరో రాసి ఉంటుంది చూడండి. కొన్ని ల్యాబ్‌లలో ఎల్‌డీఎల్‌ను తీసివేతతో కాకుండా రసాయనాలతో నేరుగా కొలుస్తారు. ఇంకొందరు కొత్త సూత్రాలు వాడతారు. రెండు పద్ధతుల మధ్య అయిదో పదో తేడా రావడం కొత్త కాదు. అందువల్ల ఆ 115ను ఇప్పటి 132 పక్కన పెట్టి పోల్చకండి. దాని నాన్ హెచ్‌డీఎల్ మాత్రం పోల్చవచ్చు, అది 161.

మళ్ళీ పరీక్ష చేయించేటప్పుడు ఇప్పటి ల్యాబ్‌కే వెళ్ళండి. ముందురోజు రాత్రి రోజూ తినేదే తినండి, రిపోర్టు బాగా రావాలని ఆ ఒక్క పూట ఉపవాసం ఉండకండి. పది పన్నెండు గంటలు పరగడుపున ఉండి, నడక మానకుండా, కాని ఆ పొద్దున నడకకు ముందే రక్తం ఇవ్వండి. మూడు నెలల లోపు మళ్ళీ చేయించడం డబ్బు దండగ. శ్రీమతిగారి గడువును మాత్రం ఆమె 3.5 కిలోమీటర్లు అందుకున్న రోజు నుంచి లెక్కపెట్టండి.